పట్టుకోవడం మా విభాగం కాదు

రాష్ట్ర క్రీడాభ్యున్నతి ప్రాధికార సంస్థ సంచాలకులు విశ్వంభరరావు గారు అధ్యయన యాత్ర మీద అమెరికా వెళ్లొచ్చారు. అక్కడివాళ్లు ఆయన్ను ఒక ఫుట్‌బాల్ ఆటకు తీసుకుపోయారు. మనం కాలితో తన్నే ఫుట్‌బాల్ కాదు. బంతిని చంకలో పెట్టుకుని పరిగెత్తితే, అవతలివాళ్లు మీదపడి నేలకూల్చే ఫుట్‌బాల్. ఆట అయిపోయేదాకా కూర్చున్నా ఆయనకు ఆట అర్థం కాలేదు. పద్ధతి మాత్రం అర్థమైంది. పద్ధతి అర్థమైన అధికారికి ఆటతో పెద్దగా పనుండదు కాబట్టి, విమానం దిగిన వారంలోనే జిల్లాల కోచ్‌లందరినీ పిలిపించి సమావేశం పెట్టారు.

"మిత్రులారా, అక్కడ దాడి చేసేవాడు దాడే చేస్తాడు. రక్షించేవాడు రక్షణే చేస్తాడు. బంతి చేతులు మారిందా, వీళ్లు మొత్తం బయటికి, వేరేవాళ్లు మొత్తం లోపలికి. దాడికి ఒక కోచ్, రక్షణకు ఒక కోచ్. ఒకరి పనిలో ఒకరు వేలు పెట్టరు. దీన్నే నేను విభాగీకరణ అంటాను. మరి మన దగ్గర? టీ తెచ్చేదీ అటెండరే, ఖాళీ గ్లాసు తీసుకుపోయేదీ అటెండరే. ఇంక పురోగతి ఎక్కణ్ణుంచి వస్తుంది?"

ఖాళీ గ్లాసులు తీసుకుపోవడానికి అప్పుడే వచ్చిన అటెండరు, తీసుకుపోవాలో వదిలేయాలో తెలియక, గ్లాసులు పట్టుకుని అక్కడే నిలబడిపోయాడు.

సంచాలకుల మనసుకు పట్టిన సంగతి ఇంకొకటి ఉంది. అమెరికా కోచ్‌లు చెవులకు హెడ్‌సెట్ తగిలించుకుని, నోటికి ఒక అట్ట అడ్డం పెట్టుకుని మాట్లాడతారు. పెదాల కదలిక చూసి అవతలి జట్టు ఎత్తులు పసిగట్టకుండా అదొక జాగ్రత్త. విశ్వంభరరావు గారికి అందులో పాలనా గాంభీర్యం కనిపించింది. ఆ రోజు నుంచి సంస్థలో అధికారులంతా నోటికి అట్ట అడ్డం పెట్టుకునే మాట్లాడాలని ఉత్తర్వు వేశారు. ఆ ఉత్తర్వును చదివి వినిపించింది కూడా అట్ట వెనక నుంచే కాబట్టి, అదేమిటో చాలామందికి చాలాకాలం తెలియలేదు.

సంస్థ తరఫున ఆ అమెరికా ఫుట్‌బాల్ ఆడే ఒక వృత్తి క్రీడా దళాన్ని పెట్టి, దక్షిణాది రాష్ట్రాల లీగ్‌లో ఆడించాలని తీర్మానమైంది. అఫెన్సివ్ కోచ్, అంటే దాడి శిక్షకుడు, ఎవరు? దస్త్రాలు తిరగేస్తే కదిరి దగ్గరి క్రీడా హాస్టల్లో కబడ్డీ కోచ్ కుళ్లాయప్ప దొరికాడు. అతని వివరాల్లో 'కూతకు పంపడంలో విశేష అనుభవం' అని ఉంది. అవతలివాళ్ల కోర్టులోకి మనిషిని కూతకు పంపడం దాడి కాకపోతే మరేమిటి? రక్షణ శిక్షకుడిగా అదే హాస్టల్లో ఖోఖో నేర్పే ఫకృద్దీన్‌ను తీసుకున్నారు. ఖోఖోలో మనుషులు వరసగా కూర్చుని ఉంటారు. కదలకుండా కూర్చోవడాన్ని మించిన రక్షణ సంచాలకులకు తోచలేదు.

కుళ్లాయప్ప వాళ్ల వంశంలో కాలేజీ గడప తొక్కిన మొదటివాడు. వ్యాయామ విద్యలో పట్టా ఉంది. ఉద్యోగం మాత్రం టెంపర్వరీ. ఏటా వేసవిలో కాంట్రాక్టు అయిపోవడం, ఏటా వానాకాలంలో దాన్ని మళ్లీ పొడిగించడం, మధ్యలో హాస్టల్ స్టోరు వెనక గది ఉంటుందో ఊడుతుందో తెలియక సామాన్లు సగం కట్టి సగం విప్పి పెట్టుకోవడం. అతని కథ అది.

సంచాలకులు అతన్ని దగ్గరికి పిలిచి, అట్ట కొంచెం పక్కకు జరిపి అన్నారు: "చూడు కుళ్లాయప్పా. ఈ సీజను మొత్తం నీ మీద ఒక్క ప్రతికూల వ్యాఖ్య కూడా రాకుండా పూర్తి చెయ్యి. పర్మినెంటు ఉత్తర్వు నా చేత్తో నేనే ఇస్తా. ప్రతికూల వ్యాఖ్య అంటే తెలుసుగా?"

"ఓడిపోవడం గదా సార్?"

"ఛఛ. ఓడిపోవడం సహజం. నీ పరిధి దాటడం."

ఇంటికెళ్లి చెబితే అతని భార్య వన్నూరమ్మ చపాతీ కర్ర చేతిలో ఉండగానే కూలబడింది.

"పర్మినెంటా? అయితే క్వార్టర్సు గూడా ఇస్తారా?"

"ఇస్తారంట."

"మా నాయన పెండ్లయినకాడ్నించి అడుగుతాండాడు, మీ ఆయన ఇంకా టెంపర్వరీనేనా అని. ఏమయ్యా, ఇంతకీ ఆ ఆట నీకొచ్చునా?"

"ఆట రావాల్సిన పన్లేదంట. పరిధి తెలిస్తే చాలంట."

"అట్లయితే వాళ్లేం చెప్తే అది చెయ్యి. నీ నోరు మంచిది గాదు. కోర్టు పక్కన నిలబడితే ఊరంతా ఇనపడేట్టు అరుస్తావు. ఈ ఒక్క ఏడాదీ మూసుకోని ఉండు."

"నోటికి అట్ట ఇచ్చినార్లే," అన్నాడు కుళ్లాయప్ప.

హాస్టల్ కుర్రాళ్లతోనే సాధన మొదలైంది. బంతిని మొదటిసారి చూసినప్పుడు ఓబులేసు దాన్ని అటూ ఇటూ తిప్పి, "ఏంది సార్ ఇది, రెండు పక్కలా మొన తేలింది. పనసగింజా?" అన్నాడు. ఓబులేసు హాస్టల్లో పేరు మోసిన కబడ్డీ ఆటగాడు. కూతకు పోతే ముట్టకుండా రాడు. మూలన నిలబడి ఎవడి చీలమండైనా పట్టుకున్నాడంటే, ఆ కాలు మళ్లీ వాడిది కాదు.

కుళ్లాయప్ప సెల్‌ఫోన్లో ఆట చూసి నేర్చుకున్నంత నేర్పాడు. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు పోవాలి. పోలేకపోతే బంతి అవతలివాళ్లది. చివరి గీత దాటితే పాయింట్లు. ఓబులేసు బంతి చంకలో పెట్టుకుని 'కబడ్డీ కబడ్డీ' అని కూత పెడుతూ గాలిలా దూసుకుపోయాడు. చివరి గీత ఇంకో రెండడుగులు ఉందనగా అడ్డమొచ్చిన ఇద్దర్నీ భుజం మీద ముట్టి, చటుక్కున వెనక్కి తిరిగి, పోయినంత వేగంగానూ మొదలైన చోటికే వచ్చి నిలబడ్డాడు.

"ఇద్దరు ఔట్ సార్," అన్నాడు రొప్పుతూ.

"ఒరేయ్, ముందుకు పోవాల్రా! తిరిగి రాగూడదు!"

"ఇంటికి తిరిగి రాకుంటే పాయింటెట్లొస్తది సార్?"

దానికి జవాబు కోసం కుళ్లాయప్ప మళ్లీ సెల్‌ఫోన్లో వెతికాడు. అమెరికావాళ్ల దగ్గర కూడా ఉంటుందనిపించలేదు.

ఇంతలో విభాగీకరణ అమల్లోకి వచ్చింది. మైదానానికి అడ్డంగా తాడు కట్టారు. ఇటు దాడి విభాగం, అటు రక్షణ విభాగం. బంతి దాడి విభాగం సొత్తు అని తేలడంతో ఫకృద్దీన్ మనుషులు హాస్టల్ దిండుతో సాధన చేయాల్సి వచ్చింది. మెత్తటి వస్తువును పట్టుకోవడంలో వాళ్లు త్వరలోనే ఆరితేరారు. ఏళ్ల తరబడి ఒకే క్యారియర్లో తిన్న స్నేహితులిద్దరూ ఇప్పుడు తాడుకు అటొకరు, ఇటొకరు కూర్చుని తినేవారు.

"కుళ్లాయన్నా, గోంగూర ఇట్ల అందియ్," అనేవాడు ఫకృద్దీన్.

"విభాగాంతర బదిలీ అయితాది ఫక్రూ. పైనించి అనుమతి రావల్ల," అని చుట్టూ చూసి, తాడు కింద నుంచి గిన్నె తోసేవాడు కుళ్లాయప్ప.

ఒకనాటి సాధనలో ఓబులేసు చేతిలోంచి బంతి జారింది. ఫకృద్దీన్ మనిషొకడు ఎత్తుకుని పరిగెత్తాడు. ఓబులేసు అలవాటు చొప్పున ఒక్క దూకు దూకి చీలమండ పట్టి కూలేశాడు. గట్టు మీద నుంచి చూస్తున్న సంచాలకులు అట్ట వెనక నుంచి ఏదో అరిచారు. సాయంత్రానికి అది మెమో రూపంలో అందింది. 'దాడి విభాగమునకు చెందిన క్రీడాకారుడు, రక్షణ విభాగమునకు మాత్రమే దఖలుపడిన పట్టుకొను విధిని తనంత తానుగా నిర్వహించి పరిధిని అతిక్రమించినాడు. ఇది పునరావృతమైనచో సదరు శిక్షకునిపై ప్రతికూల వ్యాఖ్య నమోదు కాగలదు.'

ప్రతికూల వ్యాఖ్య అనే మాట చదవగానే కుళ్లాయప్ప కళ్ల ముందు సగం కట్టిన సామాన్లు కనబడ్డాయి. ఓబులేసును పిలిచి, "ఒరేయ్, బంతి అవతలోళ్ల చేతికి పోయిందంటే రెండు చేతులూ ఎనక్కి కట్టుకో. చూసినా చూడనట్టు నిలబడు. పట్టుకోవడం మన విభాగం కాదు," అన్నాడు.

"కళ్ల ముందర పోతాంటే గూడానా సార్?"

"పోతాంటే గూడా."

మొదటి మ్యాచ్ పొరుగు రాష్ట్రం జట్టుతో. వాళ్లకు డబ్బుల్లేక విభాగాలు పెట్టుకోలేదు, ఉన్నవాళ్లే అన్నీ ఆడతారు. ఆట మొదలైన కాసేపటికే మనవాడు విసిరిన బంతిని వాళ్లవాడొకడు గాల్లోనే అందుకుని పరుగు లంకించుకున్నాడు. మన దాడి విభాగం మొత్తం చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది. రక్షణ విభాగం బెంచీ మీద కూర్చుని ఉంది. వాళ్లను దించమని రాతపూర్వక ఆదేశం ఇంకా రాలేదు.

ఆ పరిగెత్తేవాడు కొంతదూరం ప్రాణం పెట్టి ఉరికాడు. వెనక అడుగుల చప్పుడు లేదు. తిరిగి చూశాడు. ఎవరూ రావడం లేదు. వాడికి భయమేసింది. ఇదేదో పెద్ద ఎత్తు అనుకున్నాడు. పరుగు తగ్గించి, ముందర గొయ్యి గట్రా తవ్వారేమోనని నేల చూసుకుంటూ ఒక్కో అడుగూ వేశాడు. చివరి గీత దగ్గర ఆగి, కాలి బొటనవేలితో అవతలి గడ్డిని తడిమి చూసి, అప్పుడు దాటాడు.

ఘోరంగా ఓడిపోయారు. విచారణకు నీటిపారుదల శాఖలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న ఒక పెద్దాయనను వేశారు.

"మీ విభాగం ఉండగా ఎన్ని పాయింట్లు కోల్పోయారు?" అని అడిగాడాయన కుళ్లాయప్పను.

"పాయింట్లు పోకుండా చూసేది రక్షణ విభాగం సార్," అన్నాడు కుళ్లాయప్ప నేర్పిన పాఠంలాగా.

"మరి మీరు?"

"మా వాళ్లు అప్పుడు బెంచీ మీదున్నారు సార్. డ్యూటీలో లేరు," అన్నాడు ఫకృద్దీన్.

పెద్దాయన ముఖం వెలిగింది. ఉద్యోగకాలమంతా ఆయన వెతికినది ఇలాంటి ఖాళీ కోసమే. "అర్థమైంది. పై కాలువ నీళ్లు వదిలింది, కింద కాలువ ఇంకా అందుకోలేదు. మధ్యలో పోయిన నీటికి ఎవరూ బాధ్యులు కారు. ఈ రెంటికీ నడుమ ఒక విభాగం లేకపోవడమే లోపం."

అలా బంతి చేతులు మారే క్షణం కోసం సంధి విభాగం ఏర్పడింది. దానికొక సంయుక్త సంచాలకులు, ఆయనకొక జీపు. దాడి విభాగం ఒక్క పాయింటు కూడా పోగొట్టుకోలేదని రుజువైంది కాబట్టి కుళ్లాయప్పను ముఖ్య దాడి శిక్షకుడిని చేశారు.

రెండో మ్యాచ్‌లో బంతి ఎవరి చేతిలోనూ లేకుండా నేల మీద దొర్లింది. నేల మీద బంతి మూడు విభాగాల్లో దేనికీ చెందదని తేలింది. అందరూ చుట్టూ నిలబడి దాన్ని చూస్తుండగా అవతలివాడొచ్చి మర్యాదగా, "తీసుకోవచ్చా?" అని అడిగి తీసుకుపోయాడు. భూపతిత బంతి విభాగం ఏర్పడింది. కుళ్లాయప్పకు హెడ్‌సెట్ ఇచ్చారు. దాని రెండో కొస దేనికీ కలపలేదు. వినే విభాగం ఇంకా మంజూరు కాలేదన్నారు. మూడో మ్యాచ్ కూడా ఓడిపోయాక అతను రాష్ట్ర దాడి సలహాదారు అయ్యాడు. ఓడినకొద్దీ పర్మినెంటు దస్త్రం ఒక్కో బల్ల దాటి పైకి పోతోంది. వన్నూరమ్మ క్వార్టర్సు కిటికీలకు పరదాల గుడ్డ కూడా కొనిపెట్టుకుంది.

ఈ విజయాలు చూసి పద్ధతిని సంస్థ మొత్తానికీ విస్తరించారు. హాస్టల్ గేటు తీసే వాచ్‌మన్ వేరు, వేసే వాచ్‌మన్ వేరు అయ్యారు. వేసేవాడు సెలవు మీద సొంతూరు పోవడంతో గేటు పగలూ రాత్రీ తెరిచే ఉండేది. మెస్సులో అన్నం వడ్డించే విభాగం ముందొచ్చేది, సాంబారు విభాగం తీరిగ్గా వచ్చేది.

ఒక మధ్యాహ్నం ఆ సాంబారుతోనే గొడవైంది. వంటమనిషి బాలమ్మ సాంబారు గిన్నె ఎత్తుకొస్తూ తడి బండ మీద కాలు జారింది. ఓబులేసు పక్కనే నిలబడి ఉన్నాడు. చెయ్యి చాపితే అందేంత దూరం. వాడి రెండు చేతులూ వాటంతటవే వెనక్కి పోయి కట్టుకున్నాయి. బాలమ్మ పడిపోయింది. సాంబారు మోచేతి మీద ఒలికి చర్మం ఎర్రగా కమిలింది.

"పక్కనే ఉండి పట్టుకోకుంటివి గదరా!" అని ఏడ్చింది ఆమె.

కుళ్లాయప్ప ఉరికొచ్చాడు. "ఏమైంది రా నీకు? మనిషి పడిపోతాంటే..."

ఓబులేసు తన చేతుల వంక వాడే వింతగా చూసుకున్నాడు. "పట్టుకోవడం మన విభాగం కాదు గదా సార్," అన్నాడు. ఎగతాళి కాదు. నిజంగానే అన్నాడు. తర్వాత అడిగాడు: "సార్, మనం ఎప్పుడన్నా గెలుస్తామా?"

"అది మన విభాగం కాదురా," అన్నాడు కుళ్లాయప్ప. అన్నాక, ఆ మాట తన నోట్లోంచే వచ్చిందా అని నోరు తడుముకున్నాడు. అప్పుడు అట్ట కూడా అడ్డం లేదు.

ఆ రోజు అతనికి అన్నం సయించలేదు. చీలమండలు పట్టే చేతుల్ని తనే కట్టేశాడు. ఒక క్వార్టర్సు కోసం.

సీజను చివరి మ్యాచ్ నాడు పొద్దుట్నుంచీ వాన. సంచాలకులు వేదిక మీద గొడుగు కింద కూర్చుని కుళ్లాయప్పను పిలిచారు. జేబులోంచి ఒక కవరు కొస బయటికి తీసి చూపించారు. "సంతకమైపోయింది. ఆట ముగియగానే ఇస్తా. ఇంకొక్క గంట నీ పరిధిలో నువ్వుండు."

వన్నూరమ్మ కూడా వచ్చింది. క్వార్టర్సు తాళం చెవి అక్కడే ఇస్తారేమోనని సంచీ తెచ్చుకుంది.

బురదలో ఎవరి చేతిలోనూ బంతి నిలవలేదు. చివరిదాకా రెండు పక్కలా సున్నాయే. ఇంక కాసేపట్లో గంట కొడతారనగా మనవాడు విసిరిన బంతి మళ్లీ అవతలివాడికి చిక్కింది. మన జట్టు సంగతి లీగంతా తెలిసిపోయింది కాబట్టి వాడు పరిగెత్తను కూడా లేదు. బంతి చంకలో పెట్టుకుని, గ్యాలరీలో ఎవరికో చెయ్యి ఊపుతూ, ఉదయం షికారు పోయినట్టు నడుస్తున్నాడు. ఓబులేసు ముందర నుంచే పోతున్నాడు. ఓబులేసు చేతులు వెనక్కి ఉన్నాయి. వాడి కళ్లు మాత్రం ఆ చీలమండ మీదే ఉన్నాయి.

కుళ్లాయప్ప సంచాలకుల జేబు వైపు చూశాడు. తర్వాత సంచీ పట్టుకుని నిలబడ్డ భార్య వైపు చూశాడు. నోటికున్న అట్ట తీసి బురదలో పారేశాడు.

"ఒరేయ్ ఓబులేసూ! పట్టుకోరా! కాలు పట్టుకోరా!"

హెడ్‌సెట్ అవసరమే లేకపోయింది. ఊరంతా వినపడింది.

ఓబులేసు ఒక్క దూకు దూకాడు. నడిచేవాడి చీలమండ వాడిది కాకుండా పోయింది. మిగతావాళ్లు కబడ్డీలో లాగా చేతులు గొలుసు కలిపి చుట్టేశారు. షికారు మనిషి బురదలో బోర్లా పడ్డాడు. బంతి సబ్బుబిళ్లలా జారి దొర్లింది. నేల మీద బంతి ఎవరి విభాగమో ఎవరూ అడగలేదు. ఓబులేసే దాన్ని చంకన వేసుకుని కూత పెట్టాడు.

"కబడ్డీ కబడ్డీ కబడ్డీ..."

గీత దగ్గరపడింది. అడ్డంగా ఒకడున్నాడు. ఓబులేసు వాడి భుజం ముట్టాడు. ముట్టి, అలవాటుగా నడుము వెనక్కి తిప్పబోయాడు.

"తిరిగి రావద్దురా!" అని కుళ్లాయప్ప అరిచాడు. బెంచీ మీద కూర్చునే విభాగపు అధిపతి ఫకృద్దీన్ కూడా లేచి అరిచాడు. వన్నూరమ్మ సంచీ పైకి విసిరి, "పోరా నాయనా, పో!" అని అందరికంటే గట్టిగా అరిచింది.

ఓబులేసు పోయాడు. గీత దాటి, ఇంకా పోయి, గోడ తగిలితే ఆగాడు.

జనం మైదానంలోకి ఉరికారు. వేదిక మీద విశ్వంభరరావు గారు కవరును జేబులో లోపలికంటా తోసి, బొత్తాం పెట్టుకున్నారు.

గెలుపు మీద విచారణ కమిటీ వేశారు. పట్టుకున్నది దాడి విభాగం. అప్పుడు జరుగుతున్నది సంధి విభాగం సమయం. ఎత్తుకున్నది భూపతిత బంతి. అరిచినవారిలో ఒకరు అసలు ఏ విభాగానికీ చెందని గృహిణి. 'సదరు విజయము ఏ విభాగమునకు చెందునో నిర్ధారణ అగు వరకు, ఈ మ్యాచ్ విజేతకు ఇచ్చిన కప్పును హాస్టల్ స్టోరు గదిలో సీలు వేసి ఉంచవలెను' అని రాశారు. ముఖ్య దాడి శిక్షకుడు, రాష్ట్ర దాడి సలహాదారు కుళ్లాయప్ప మీద ప్రతికూల వ్యాఖ్య నమోదైంది. అతన్ని టెంపర్వరీ కబడ్డీ కోచ్‌గా పాత హాస్టల్‌కే పంపారు. కప్పు సీలు వేసిన స్టోరు వెనకే అతని గది.

వన్నూరమ్మ పరదాల గుడ్డతో దిండు గలీబులు కుట్టింది. తండ్రి ఫోను చేస్తే, ఒక చెవి మూసుకుని గట్టిగా చెప్పింది: "పర్మినెంటు కాలేదు నాయనా. గెలిచినాడు. అది ఏ శాఖ కిందికొస్తాదో ఇంగా తేల్చల్యా."

కబడ్డీ కోర్టు మళ్లీ తవ్వి చదును చేశారు. తాడు తీసేశారు. ఫకృద్దీన్ క్యారియర్ పట్టుకుని నేరుగా వచ్చి కూర్చున్నాడు. బాలమ్మ మోచెయ్యి మానింది. ఓబులేసు ఆమె గిన్నె ఎత్తినప్పుడల్లా ఊరికే పక్కన నిలబడి రెండు చేతులూ ముందుకు చాపేవాడు.

ఆ వారమే కొత్త సర్క్యులర్ వచ్చింది. కుళ్లాయప్ప కోర్టు మధ్యలో నిలబడి చదివాడు. 'దేశవాళీ క్రీడలను ఆధునీకరించుటలో భాగముగా ఇకపై కబడ్డీ నందు కూతకు వెళ్లు విభాగము, కూత నుండి తిరిగి వచ్చు విభాగము వేరువేరుగా పనిచేయవలెను. వెళ్లిన క్రీడాకారుడు తిరిగి వచ్చుట పరిధి అతిక్రమణగా పరిగణింపబడును.'

ఓబులేసు గీత దగ్గరికొచ్చి, వంగి మట్టి ముట్టి కళ్లకద్దుకున్నాడు.

"సార్, నేను పోయే విభాగమా, వచ్చే విభాగమా?"

కుళ్లాయప్ప తెరిచి ఉన్న గేటు వైపు చూశాడు. వేసే వాచ్‌మన్ ఇంకా ఊరి నుంచి రాలేదు. సర్క్యులర్‌ను నాలుగు మడతలు పెట్టి ఫకృద్దీన్ క్యారియర్ కింద, అది కదలకుండా, సర్దాడు.

"వచ్చేటోడు సెలవు మీదున్నాడంట. ఈ ఒక్కసారికి నువ్వే పోయి నువ్వే రా," అన్నాడు.